చెక్క ఉబ్బేదాకా

ఈ ఉదయం వంటింట్లో ఓవెన్ గడియారాన్ని గంట ముందుకు జరుపుతున్నాను. ఏటా సెప్టెంబరు చివరి ఆదివారం, ఇక్కడి వసంతంలో, సాయంత్రం వెలుగు కలిసిరావడానికి ఈ దేశమంతా చేసే పనే. సరిగ్గా అప్పుడు, గ్యారేజీలో రంగు కలుపుతున్న మా ఆవిడ లోపలికి వచ్చి, మోచేతుల దాకా నీలం రంగు పూసుకున్న చేతులతో టీ అడిగింది. అది పడవ అడుగుకి వేసే రంగు. నాచూ గుల్లలూ పట్టకుండా అందులో రాగి కలుపుతారట. ఇక్కడ వసంతం వచ్చిందంటే అందరికీ పూల వాసన వేస్తుంది, మా ఇంట్లో మాత్రం ఆ రంగు వాసన వేస్తుంది. ఆవిడ నిలబడే టీ తాగేసి మళ్లీ పనిలోకి వెళ్లిపోయింది. నేను ఓవెన్ ముందే నిలబడి ఐదేళ్ల కిందటి వసంతాన్ని తలుచుకుంటూ ఉండిపోయాను. ఆ పడవని మేము మొదటిసారి నీళ్లలోకి దింపిన సంవత్సరం అది.

నాది బందరు పక్క, ఆవిడది అనంతపురం పక్క. సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టినవాణ్ణి నేను. ట్యాంకరు వచ్చే రోజు బిందెలు వరసలో పెట్టి పెరిగింది ఆవిడ. న్యాయంగా చూస్తే పడవల పిచ్చి పట్టాల్సింది నాకు. కానీ మా ఇంట్లో సముద్రం షికారుకి వెళ్లే చోటు కాదు, చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చే చుట్టం. తూర్పుగాలి జోరందుకుంటే మా నాయనమ్మ బియ్యం డబ్బాని అటక మీదకి ఎక్కించేది. ఆ డబ్బా పైకి వెళ్లిందంటే పిల్లలం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం. నాకు ఈత రాదు. నేర్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. మా ఆవిడ భయాలన్నీ నీళ్లు లేకపోవడం గురించే కాబట్టి, నీళ్లు ఎక్కువ కావడం అనేది ఆవిడ లెక్కలోనే లేదు. నలభై ఆరో ఏట కాలనీ ఈతకొలనులో, నడుము లోతు నీళ్లలో, ఆరేళ్ల పిల్లల పక్కన నిలబడి ఈత నేర్చుకుంది. ఆ తర్వాత ఆఫీసువాళ్లతో కలిసి తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. ఆ తర్వాత ఒక సాయంత్రం బోటనీ డౌన్స్‌లోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ విప్పుతూ, పడవ కొన్నానని చెప్పింది. కూరగాయలు తెచ్చానన్నంత మామూలుగా చెప్పింది.

ఆ పడవ మా పక్క వీధిలో ఉండే పెద్దాయనది. ఆయన కివీ, అంటే ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, అప్పటికే ఎనభై దాటినవాడు, భార్య పోయాక ఒంటరిగా ఉండేవాడు. వాళ్ల నాన్న కౌరీ అనే ఇక్కడి చెట్టు చెక్కతో సొంతంగా కట్టుకున్న పడవట అది. మోకాళ్లు సహకరించక, రెండేళ్లుగా సముద్రంలో కలిసే వాగు ఒడ్డున పడవలు బాగుచేసే యార్డులో టార్పాలిన్ కింద పెట్టి ఉంచాడు. మా ఆవిడని చూసి, పడవకి తగిన మనిషి దొరికిందని సంబరపడ్డాడు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, నేనిచ్చిన అల్లం టీ తాగుతూ అసలు విషయం చెప్పాడు. చెక్క పడవ ఒడ్డు మీద ఉంటే ఎండిపోతుందట, పలకల మధ్య సందులు తెరుచుకుంటాయట. నీళ్లలో దింపిన మొదటి రెండు రోజులు కారుతుందట. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే సందులు వాటంతట అవే మూసుకుంటాయట. అప్పటిదాకా పడవ కడుపులో చేరే నీటిని ఒక చిన్న కరెంటు పంపు బయటికి తోడేస్తూ ఉండాలి.

"అంటే మునుగుతుందా?" అని అడిగాను.

"కొంచెం," అన్నాడాయన, ఇంకో బిస్కెట్టు తీసుకుంటూ.

ఆ చలికాలమంతా మా శనివారాలు ఆ యార్డులోనే గడిచాయి. ఆవిడ పాత రంగు గీకేది, నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి. ఆవిడ సందుల్లో దూది పేలికలు కుక్కి పుట్టీ పెట్టేది, నేను ఫ్లాస్కులో టీ పోసేవాణ్ణి. యార్డులో వాళ్లు నన్ను పనివాడనుకున్నారో, భర్త అనుకున్నారో నాకిప్పటికీ తెలీదు. ఒకసారి ఏదో అందించడానికి పడవ లోపలికి దిగాను. పలకల మధ్య నుంచి ఎండ సన్నటి గీతలుగా నా చొక్కా మీద పడుతోంది. ఎండ వచ్చే దారిలో నీళ్లు రావా? ఆ గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, పదిహేడు దగ్గర ఆపేసి పైకి వచ్చేశాను. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగ్గా సయించలేదు. ఆఫీసులో మీటింగులో కూర్చున్నా ఆవిడ నీళ్లలో ఉన్నట్టే కనిపించేది. సిటీలో చదువుకునే మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పుకుంటే, తను ఇంగ్లీషులో నవ్వి, నన్ను కూడా ఈత క్లాసులో చేరమంది.

మా ఆవిడ ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. పడవనీ అలాగే పట్టింది. ప్రతి సందునీ వేలితో తడిమి చూసింది. పడవ కడుపుని పాత టూత్‌బ్రష్‌తో తోమి, తడిగుడ్డతో తుడిచి, అద్దంలా చేసింది. పంపు పెట్టి, గొట్టంతో నీళ్లు పోసి, అది పక్కనున్న చిన్న రంధ్రంలోంచి ధారగా బయటికి చిమ్మేదాకా పరీక్షించింది. ఆ తర్వాత నాకు ఒక ఆజ్ఞ జారీ అయింది. పూజ లేకుండా పడవ నీళ్లలోకి దిగడానికి వీల్లేదని నేను పట్టుబట్టాను, దానికి జవాబు ఇది.

"బొట్టు పెట్టుకోండి, టెంకాయ కొట్టుకోండి, మీ ఇష్టం. అంతా బయటనే. లోపల పూరేకు గూడా పడకూడదు. పంపు నోరు చాలా చిన్నది."

సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను. కానీ దింపే వేళ తేలేసరికి నేను పంచాంగం తీశాను. యార్డులో పడవ దింపాలంటే పోటు నిండుగా ఉండాలి, ఆటు ముదిరితే వాగంతా బురదే. ఆ వారంలో పెద్ద పోటు శనివారం పదింబావుకి. శనివారం ఆ వేళకి రాహుకాలం. ఇంకో రోజు చూద్దామన్నాను, కనీసం ఇంకో గంట ఆగుదామన్నాను. "సముద్రం పంచాంగం చూసుకోని వస్తుందా?" అంది ఆవిడ, తాడు ముడివేస్తూ.

శుక్రవారం సాయంత్రం లైఫ్ జాకెట్లు పెట్టి వస్తానని చెప్పి ఒక్కణ్ణే యార్డుకి వెళ్లాను. జేబులో పసుపు కలిపిన అక్షింతల పొట్లం ఉంది. పడవ ముక్కుకి బొట్టు పెట్టి, నాలుగు గింజలు బయటే చల్లి వచ్చేద్దామనుకున్నాను. కానీ నిచ్చెనెక్కి జాకెట్లు లోపల పెడుతుంటే, ఆవిడ రేపు కూర్చోబోయే బల్ల కనిపించింది. బల్ల మీద ఆవిడ మడిచి పెట్టుకున్న ఉన్ని టోపీ ఉంది. మనిషి బయట ఉండదు కదా, లోపలే కదా ఉండేది, మరి రక్ష బయట ఎందుకు? ఒక దోసెడు చల్లాను. ఆ మూల వదిలేశానేమోననిపించి ఇంకో దోసెడు చల్లాను. భయానికి కొలత తెలీదు. గింజలు కాళ్ల కింది నేలపలకల సందుల్లోంచి కిందికి జారిపోయి, పైకి ఏమీ కనిపించలేదు. దేవుడికి తప్ప ఎవరికీ తెలీదులే అని కారెక్కాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

మర్నాడు యార్డువాళ్లు పెద్ద బెల్టుల మీద పడవని ఎత్తి నీళ్లలో దింపారు. పెద్దాయన, మా ఆవిడ లోపలికి దిగి చూశారు. కారుతోంది, అనుకున్నంతే కారుతోంది. పంపు పనిచేస్తోంది. పడవ పక్క నుంచి చిటికెన వేలంత ధార ఆగకుండా పడుతోంది. ముప్పావుగంట బెల్టుల మీదే ఉంచి, ఆటుకి వాగులో బురద తేలకముందే బయల్దేరాలని తేల్చారు. వాగులోంచి బయటికి వెళ్లి, అరగంట దూరంలో లంగరు వేసే చోట కట్టేయాలి. పెద్దాయన చుక్కాని పట్టుకున్నాడు, ఇంజను టకటకలాడింది. మా ఆవిడ నాకు చెయ్యి ఊపింది. నేను ఒడ్డు వెంబడి రోడ్డు మీద కారులో వెనకాలే వెళ్లాను. వాగు వెడల్పయ్యే చోట కారు ఆపుకుని, ఆ ధార వైపే చూస్తూ కూర్చున్నాను. పడవ అలల మీద ఊగడం మొదలుపెట్టింది. రెండుసార్లు ఊగింది. ధార సన్నబడింది. ఆగిపోయింది.

ఫోన్ మోగింది.

"ఏమండీ, పంపు నిలిచిపోయింది. ఎందుకో తెలీదు. అంకుల్ బ్యాటరీ, వైర్లు చూస్తాండారు. నేను బకెట్టుతో తోడతాండా. మీరేమీ టెన్షన్ పెట్టుకోవద్దండి, ఊరికే చెప్తాండా, రావడం లేటవుతుందని."

నాకు అంతా తెలిసిపోయింది. తడిసి ఉబ్బిన బియ్యం, ఆ చిన్న నోరు, అన్నీ కళ్ల ముందు కనిపించాయి. నోరు తెరిచాను. "సరే, జాగ్రత్త," అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. బ్యాటరీయే అయ్యుండొచ్చు కదా అనుకున్నాను. ఫ్యూజు పోయిందేమో, పెద్దాయనకి అన్నీ తెలుసు, ఇప్పుడు బాగుచేసేస్తాడు అనుకున్నాను. బాగైపోతే ఇక చెప్పాల్సిన పనే ఉండదు కదా అని కూడా అనుకున్నాను. ఇన్ని నెలలు ఆవిడ ప్రాణం గురించి భయపడి చచ్చినవాణ్ణి, తీరా ఆ క్షణం వచ్చేసరికి ఆవిడ కోపానికి ఎక్కువ భయపడ్డాను. దూరంగా ఆవిడ బకెట్టు ఎత్తి నీళ్లు పారబోయడం కనిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు. మొదట్లో నింపాదిగా పోసింది. తర్వాత తర్వాత చేతుల వేగం పెరిగింది. పెద్దాయన చుక్కాని వదిలేసి వంగి ఏదో వెతుకుతున్నాడు. పడవ ముక్కు నీళ్ల వైపు వాలినట్టు నాకనిపించింది. నిజంగా వాలిందో, నా కళ్లు వాల్చాయో తెలీదు. అప్పుడు చేశాను ఫోన్. ఎత్తలేదు. మళ్లీ చేశాను.

"పంపు నోట్లో బియ్యం ఉంటాయి," అన్నాను. "నిన్న నేనే చల్లాను. లోపల."

అవతల బకెట్టు కింద పెట్టిన చప్పుడు.

"ఎన్ని?" అంది.

"దోసెడు," అన్నాను. "రెండుసార్లు."

ఫోన్ కట్ అయింది. ఆవిడ పడవలోపలికి వంగి కనిపించకుండా పోయింది. నేను కారు దిగి నీళ్ల అంచుదాకా వెళ్లాను. ఈత రానివాణ్ణి, అక్కడికి వెళ్లి చేసేదేముంది? ఎవరి పేరు చెప్పుకుని మొక్కుకోవాలో కూడా తోచలేదు, మొక్కిన దానికే కదా ఇదంతా. బూట్లలోకి చల్లటి నీళ్లు వచ్చాయి. ఇంజను చప్పుడు కూడా వినిపించడం లేదు, ఆగిందో, నా చెవులే ఆగాయో. చాలాసేపటికి పడవ పక్క రంధ్రంలోంచి ఒక చుక్క, ఇంకో చుక్క, ఆ తర్వాత ధార. చిటికెన వేలంత ధార. నేను అక్కడే రాళ్ల మీద కూలబడి ఏడ్చాను. కుక్కని నడిపించుకుంటూ వెళ్తున్న ఒకామె ఆగి, బాగానే ఉన్నావా అని అడిగింది. బాగానే ఉన్నానని చెప్పాను.

లంగరు వేసి, చిన్న పడవలో ఇద్దరూ ఒడ్డుకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ మోకాళ్ల దాకా తడిసిపోయింది. వేలి గోళ్లలో పసుపు. పెద్దాయన గుప్పిట తెరిచి, ఉబ్బి చిట్లిన గింజలు చూపించి, ఇవి దేనికని అడిగాడు. రక్ష కోసమని చెప్పాను. ఆయన చాలా సీరియస్‌గా తలూపి, "మా నాన్న తెరచాప స్తంభం కింద ఒక నాణెం పెట్టాడు, అదీ అందుకే. కానీ అది కదలదు," అన్నాడు. ఆయన అటు వెళ్లాక మా ఆవిడ నా పక్కన రాయి మీద కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఒక్కొక్క సందూ నా చేత్తో మూసినా. నా పని మీద మీకు నమ్మకం లేదు, గదండీ," అంది.

"నమ్మకం ఉంది," అన్నాను. "భయం దానికన్నా ఎక్కువ ఉంది."

ఆవిడ గోళ్లలోని పసుపు గీక్కుంది. తర్వాత నా భుజం మీద తడి చెయ్యి వేసి, "సరే పాండి. గుర్తొచ్చిన వెంటనే చెప్పినారు, అది చాలు," అంది.

ఆ మాటని నేను దిద్దలేదు. ఆ సాయంత్రం ఫోన్ తీసి చూసుకున్నాను. ఆవిడ కాల్‌కీ, నేను మొదట చేసిన కాల్‌కీ మధ్య నాలుగు నిమిషాలు. అది ఆవిడ ఫోన్లో కూడా ఉండే ఉంటుంది. చూసిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. మూడో రోజుకి చెక్క ఉబ్బి పడవ కారడం మానేసింది. ఆ తర్వాత ప్రతి వసంతంలోనూ ఆవిడ దాన్ని తయారుచేస్తుంది, పంపు నోరు విప్పి శుభ్రం చేసే పని నాకిస్తుంది. నేను గింజంత దుమ్ము కూడా ఉంచను. ఆవిడ ఒంటరిగా ద్వీపాల దాకా వెళ్లి వస్తుంది. భయమూ తగ్గింది కొంచెం, వయసు మీద పడి కాబోలు. ఐదేళ్లు ఎప్పుడు గడిచాయో కూడా తెలీలేదు. ఆ నాలుగు నిమిషాలు మాత్రం నాకింకా గడవలేదు.