నీ ఎడమ కాలు యాడుంది?

పది నెలల్లో రెండు క్లచ్ ప్లేట్లు కాల్చినవాడు, తనంత డ్రైవరు మద్రాసులోనే లేడని చెప్పుకుంటే ఎవరైనా నవ్వుతారు. నేను చెప్పుకునేవాణ్ణి. అంబత్తూరులో తయారయ్యే ఇనుప బీరువాలు, బల్లలు నా పాత పికప్‌లో వేసుకుని షోళింగనల్లూరు ఆఫీసులకు చేర్చడం నా పని. ప్లేటు ఎందుకు కాలిందంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మొదటిసారి బిగించినవాడికి చేతకాలేదు. రెండోసారి సరుకు నకిలీది. నా కాలి మీదికి మాత్రం అనుమానం పోలేదు.

మూడోసారి, మంచి ఎండల్లో, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజను అరుస్తోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. మాడు వాసన. వెనక క్యాబులవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నారు. వాళ్లను నాలుగు తిట్టి, ఎలాగో దిగి, లోడుతో సహా మళ్లీ అంబత్తూరుకే మళ్లించాను.

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటు వెనక సందులో ఒక పెద్దాయన మెకానిక్ షెడ్డు ఉంది. మావాళ్లలాగే తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. అంత ఉక్కలోనూ ఆయన మేజోళ్లు, బూట్లు వేసుకుని పనిచేస్తాడు. నేను దిగుతూనే, ‘ఏం అన్నా, పెళ్లిచూపులకా?’ అన్నాను. ఆయన నవ్వాడు.

బానెట్ తెరవలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలమన్నాడు. అలా వదిలితే ఇంజను గక్కుమని ఆగిపోవాలి. నాది ఆగలేదు, తన మానాన తను తిరుగుతూనే ఉంది.

‘జారతా ఉండాది. ప్లేటు అయిపోయినట్టే,’ అన్నాడు. తర్వాత పెడల్‌ని చేతిలోని గుడ్డతో నొక్కి చూశాడు, కేబుల్ చూశాడు, బండి కిందికి దూరి ఆయిల్ ఏమైనా కారుతోందా అని చూశాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు. ‘అన్నీ కరెక్టుగానే ఉండాయి. క్లచ్ మీద కాలు ఆనిచ్చే ఉంటే ప్లేటు జారి కాలిపోతాది. నైనా, నువ్వు పెడల్ మీద కాలు పెట్టుకోనే తోలతా ఉండావా?’

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ‘ఇరవై ఎనిమిదేళ్లుగా తోలతా ఉండా. ఈ మాట నిన్నగాక మొన్న నేర్చినోణ్ణి అడుగు,’ అన్నాను.

‘సరే పా, కోప్పడబాక. లోడు దించేసి సుమ్మా, ఊరికే ఒక రౌండు పోయొద్దాం.’

ఆయన నా పక్కన కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే చెప్పులు విడిచి సీటు వెనక పెట్టి ఎక్కాను. ఎదురుగా అమ్మవారి పటం ఉంటుంది, ఆమె ముందు చెప్పుకాళ్లతో కూర్చోకూడదని మా నాన్న నేర్పాడు. ఆయనా డ్రైవరే. ఎండాకాలమైనా, వానాకాలమైనా మాది ఉత్తకాళ్ల డ్రైవింగే.

ఎస్టేటు రోడ్డు ఖాళీగా ఉంది. నాలుగో గేరు పడింది. నేను రోడ్డు చూస్తున్నాను, ఆయన నన్ను చూస్తున్నాడు.

‘నీ ఎడమ కాలు యాడుంది?’ అన్నాడు.

‘యాడుంటాది? కిందనే ఉండాది.’

‘వంగి చూడు.’

బండి నెమ్మది చేసి చూశాను. నా పాదం నిక్షేపంగా క్లచ్ పెడల్ మీద కూర్చుని ఉంది. ఒట్టేసి చెబుతున్నాను, అది కింద నేల మీద ఉందనే అనుకున్నాను. పెడల్ నా అరికాలికి తగలడమే లేదు.

బండి పక్కకు ఆపించాడు. పెడల్‌కి ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో అరిగి ఊడిపోయింది, ఇంజను వేడికి కాలుతున్న ఉత్త ఇనుమే మిగిలింది. ఆయన దాని మీద వేలు పెట్టి చురుక్కుమనగానే తీసేశాడు. ‘కాలు చూపించు,’ అన్నాడు. బొటనవేలి కింద నల్లగా ఉన్నదాన్ని నేను గ్రీజు అనుకుంటూ వచ్చాను. అది కాలిన పుండు. చీము పట్టింది. ఎన్నాళ్ల నుంచో నాకు తెలియదు, ఎందుకంటే నొప్పే లేదు.

ఆయన వంగి తన ఎడమ బూటు, మేజోడు విప్పాడు. రెండు వేళ్లు లేవు.

‘చక్కెర జబ్బు. నాకు చెప్పేవోడు లేకపోయె,’ అన్నాడు. నేను వేసిన పెళ్లిచూపుల జోకు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. షెడ్డుకి రాగానే ఆయన బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ‘లోడు వేరే బండిలో నేను పంపిస్తా. నువ్వు ఆస్పత్రికి పో. డాక్టరు చీటీ తెస్తేనే బండి మీద చెయ్యేస్తా.’ నా బండి తాళంచెవి తీసుకోడానికి నువ్వెవరన్నానా, ఇంకా ఏవేవో అన్నానా, ఆయన వినిపించుకోకుండా ఆటో పిలిచాడు. వ్యాసర్పాడిలో మా ఇల్లు చేరేదాకా ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఇంటి దగ్గర మా ఆవిడ పుండు చూసి, తిట్టడం ఆపమని ఒక్క కసురు కసిరి అదే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. రక్తం పరీక్ష చేయించుకోమని మూడేళ్లుగా చెబుతున్నది ఆమే.

డాక్టరమ్మ రక్తం పరీక్షించి నాకూ చక్కెర జబ్బేనంది. పుండు శుభ్రం చేసి, ఇంకో వారం ఆగి ఉంటే వేలు దక్కేది కాదని చెప్పింది. కుడి కాలు పరవాలేదట. ఎడమ కాలిలో పోయిన స్పర్శ అంతా తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేదు. నేను మళ్లీ మళ్లీ అడిగాను.

పుండు మానేదాకా బండి ముట్టుకోలేదు. మానాక చీటీ పట్టుకుని షెడ్డుకి పోతే, కొత్త ప్లేటు బిగించి ఉంది. పెడల్‌కి మందపాటి రబ్బరు. క్లచ్‌కి ఎడమ పక్కన ఒక ఇనుప రేకు ముక్కను వంచి, పాదం ఆనించుకోవడానికి చిన్న మెట్టులా వెల్డింగ్ చేసి పెట్టాడు. ‘గేరు పడినాక నీ కాలికి ఇల్లు ఇదే. తెలీకపోతే కంటితో చూసుకో,’ అన్నాడు. క్షమించన్నా అనబోయి, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

బూట్లు మా ఆవిడే కొని తెచ్చింది. అమ్మవారి ముందు బూట్లేమిటని నేను గొణిగితే, పటాన్ని ఇంట్లో పెట్టేసుకుంది. ‘ఆమెకు నీ కాళ్లు కావాల, నీ చెప్పులు కాదు,’ అంది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే చేతి అద్దం పట్టుకుని నా అరికాళ్లు చూశాకే కాఫీ ఇస్తుంది.

మొన్న ఆయుధ పూజకి మా ఆవిడ బండి కడిగి, స్టీరింగుకి, చక్రాలకి, పెడళ్లకి పసుపు కుంకుమ పెట్టింది. గిన్నెలో ఇంకా కొంచెం పసుపు మిగిలింది. నన్ను ఇంటి మెట్టు మీద కూర్చోబెట్టి ఎడమ పాదం ఒడిలోకి తీసుకుంది.

‘ఏందే ఇది, ఊరంతా చూస్తా ఉంది,’ అన్నాను.

‘చూడనీ. ఇది లేకుండానే తోలతావా బండి?’ అంటూ బొటనవేలి కింద, మానిన మచ్చ మీద రాసింది. అక్కడ నాకేమీ తెలియలేదు. వేలు అలాగే కిందికి జరిపింది. మడమ దగ్గర చల్లగా తగిలింది.

‘ఆడ తెలస్తా ఉందే,’ అన్నాను. ఆమె మళ్లీ అక్కడే రాసింది.