అభిప్రాయం అడిగినప్పుడు

మొన్న జూన్‌లో, వాన ముఖం చాటేసి ఉక్కపోత చంపుతున్న ఒక ఆదివారం మధ్యాహ్నం, డిండోలిలో మా తమ్ముడి ఇంట్లో నా మేనకోడలు నేలమీద బోర్లా పడుకుని ఫోన్‌లో ఏదో చదువుకుంటూ నవ్వుతోంది. నేను చదివిన యూనివర్సిటీలోనే దానికి సీటు వచ్చింది. దక్షిణాదిన ఉన్న ఆ ఫాదర్ల యూనివర్సిటీ పేరు చెబితే ఇప్పటికీ జనం ఒకసారి తిరిగి చూస్తారు. సీటు ఖాయం చేసుకోవడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఈలోగా ఆ పిల్ల అక్కడి విద్యార్థులూ పాత విద్యార్థులూ నెట్‌లో రాసిన అభిప్రాయాలన్నీ మాకు వినిపిస్తోంది. "ఈ చోటు నన్ను మనిషిని చేసింది" అని ఒకరు రాశారు. "క్రమశిక్షణ పేరుతో జైలు" అని ఇంకొకరు. ఆరేసిన చుడీదారును కోతులు ఎత్తుకుపోయాయని ఒక్కటంటే ఒక్క స్టార్ ఇచ్చి వెళ్ళిపోయింది మరొకావిడ.

"అత్తమ్మా, గీళ్ళల్ల ఎవరిది నిజం? నువ్వు మూడేండ్లు ఉన్నవ్ గద, సచ్ బోల్, ఎట్లుంటది?" అని అడిగింది.

మా తమ్ముడు పల్సానాలో ఒక అద్దకం మిల్లులో సూపర్‌వైజరు. పక్కగదిలోంచి నా బదులు వాడే జవాబిచ్చాడు. "అక్కనేమడుగుతవే? అక్క బ్యాంకుల కూసున్నదంటే గా యూనివర్సిటీతోనే గద."

నేను "మంచిదే" అన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. లేచి మంచినీళ్ళు తాగాను. దాహం లేకపోయినా మళ్ళీ తాగాను. బాల్కనీలోకి వెళ్ళి, ఎండిపోయిన బట్టల్ని తీసి, మడిచి, ఆ మడతలు నచ్చక విప్పి మళ్ళీ మడిచాను. మా మరదలు నా చేతుల్లోంచి బట్టలు తీసుకుని, "జర కూసో వదినా, ఏమైంది నీకు?" అంది.

ఏమైందో చెప్పాలంటే మా బాపు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. బాపు తెలుగునేల నుంచి వలసొచ్చి, ఈ ఊళ్ళోనే బమ్రోలిలో సాంచాలు నడిపేవాడు. ఆ మోత మా గది గోడలోంచి వినిపించేది కాబట్టి మా ఇంట్లో ఉప్పు కావాలన్నా అరిచే అడగాలి. నేను ఏడో తరగతి దాకా మున్సిపాలిటీ తెలుగు బడిలో, తర్వాత ఒక కాన్వెంటులో చదివాను. అక్కడి సిస్టర్ ఒకావిడ ఉత్తరం రాసిస్తే ఆ యూనివర్సిటీలో ఫీజు లేకుండా సీటు దొరికింది. దింపడానికి బాపు వచ్చాడు. ఆ రాతి భవనాలనూ, గంట స్తంభాన్నీ చూడలేదాయన. కాపలాదారు చొక్కా ఇస్త్రీని చూసి, చెట్లకు కొట్టిన నంబరు బిళ్ళలను చూసి, "చెట్లకు గూడ హాజరు తీస్తరు బిడ్డా, ఇది పెద్ద బడే" అని తన అభిప్రాయం చెప్పి రైలెక్కేశాడు. ఆ యూనివర్సిటీ గురించి అంత సూటిగా మాట్లాడినవాళ్ళను తర్వాత నేను చూడలేదు.

మొదటి వారం ఆ నిశ్శబ్దానికి నాకు తలనొప్పి వచ్చింది. హాస్టల్ వార్డెన్‌గా ఉన్న సిస్టర్, మలయాళీ ఆవిడ, రోజూ నన్ను ఆపి, "నేను నీ ముందే ఉన్నానమ్మా, మెల్లగా చెప్పు" అనేది. మూడేళ్ళలో నేర్చుకున్నాను. మెల్లగా మాట్లాడటం, ఫోర్కుతో తినడం, ఇంగ్లీషులో కృతజ్ఞతలు చెప్పడం. సెలవులకు ఇంటికొస్తే మా అమ్మ, "గొంతు నొస్తుందా ఏంది?" అని శొంఠి కషాయం కాచి ఇచ్చేది.

నా గదిలో ఉండే స్నేహితురాలిది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. చేపలు పట్టే కుటుంబం. చదువులో నాకంటే చురుకు. నేను పుస్తకం తెరిచేలోపు తను పాఠం ముగించి, లైబ్రరీ కిటికీ దగ్గర కూర్చుని ఎండుచేప ముక్క నములుతూ ఎవరైనా వాసన పసిగడతారేమోనని చూస్తుండేది. మూడో ఏడు వాళ్ళమ్మకు జబ్బు చేస్తే వెళ్ళి ఐదు వారాలు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి హాజరు చాలలేదని పరీక్షకు కూర్చోనిచ్చేది లేదన్నారు. నియమం నియమమే అనుకునేవాళ్ళం, కానీ మా తరగతిలోనే ఇంకో అమ్మాయికి అంతకంటే తక్కువ హాజరుంది. ఆమె తండ్రి కొత్త ఆడిటోరియం కట్టించాడు. ఆమెకు డాక్టరు చీటీ సరిపోయింది. నా స్నేహితురాలి డాక్టరు చీటీ తల్లి పేరుమీద ఉందని తిప్పి పంపారు.

ఆ నెలలోనే యూనివర్సిటీని తనిఖీ చేయడానికి ఢిల్లీ నుంచి కొందరు పెద్దలు వచ్చారు. విద్యార్థుల అభిప్రాయం వినడానికి పదిమందిని పిలిచారు. అందులో నా పేరుంది. ముందురోజు సాయంత్రం నా స్నేహితురాలు నా జడ అల్లుతూ, "రేపు ఆళ్ళు అడిగితే నా సంగతి సెప్తావేటి?" అంది. "చెప్తా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు అనుమానమేమీ లేదు.

మర్నాడు మమ్మల్ని కూర్చోబెట్టి, ఫాదర్లు బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశారు. నన్నెవరూ బెదిరించలేదు. తనిఖీ పెద్దాయన కళ్ళద్దాలు తీసి, నావైపే చూసి, "ఇక్కడ అందర్నీ సమానంగా చూస్తారా?" అని అడిగాడు. ఫీజు లేకుండా చదువుకున్న మూడేళ్ళు, బాపు మొహం, ఉద్యోగానికి సిస్టర్లు ఇస్తామన్న సిఫారసు ఉత్తరం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "సమానంగానే చూస్తారు సార్" అన్నాను. నేర్చుకున్న గొంతుతో, మెల్లగా. ఆయన రాసుకున్నాడు. బయటికొచ్చాక నా స్నేహితురాలు మెట్ల దగ్గర ఎదురైంది. "సెప్పావా?" అంది. "ఆ విషయం వాళ్ళు అడగలేదే" అన్నాను. ఆమె తలూపి మెట్లు దిగింది. వారంలో పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

ఆమె వెళ్ళిన రోజు వార్డెన్ సిస్టర్ తోటలో నన్ను ఆపింది. "ఆ జాబితాలో ముందు నీ పేరు లేదు. పట్టుబట్టి నేనే చేర్పించాను. నువ్వు చెప్తావనుకున్నాను. సిస్టర్‌గా విధేయత ప్రమాణం చేసినదాన్ని, నేను నోరు విప్పలేను. నువ్వు ఎవరికీ మాటివ్వలేదు కదా" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఇచ్చానని, ఇచ్చింది నా స్నేహితురాలికేనని చెప్పలేకపోయాను.

ఇదంతా ఆ ఆదివారం నా మేనకోడలికి చెప్పాను. అంతకుముందు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా తమ్ముడు గడపలో నిలబడి విన్నాడు. పిల్ల ఫోన్ పక్కనపెట్టి లేచి కూర్చుంది. "మరి గామె ఏం రాసింది అత్తమ్మా, రివ్యూల?"

ఏం రాస్తుంది? చదువు ముగించనిదాన్ని పాత విద్యార్థిని అని ఎవరంటారు? మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అరవైమందిమి ఉన్నాం. ప్రతి ఏటా ఆ భవనాల ఫొటోలు పెట్టి గుండె గుర్తులు పంపుకుంటాం. ఆమె అందులో లేదు. లేదని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రెండు రోజులు బ్యాంకులో తప్పుల మీద తప్పులు చేశాను. మూడో రోజు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఆమె నంబరు సంపాదించి, భోజన విరామంలో ఉధనా బ్రాంచి వెనక మెట్లమీద నిలబడి ఫోన్ చేశాను. వాళ్ళ ఊరిలోనే అంగన్వాడీ టీచరట. వెనకాల పిల్లల గోల. నేనెవరో చెప్పగానే, "నీ గొంతు పోల్చుకోలేకపోయాను, మెత్తబడిపోనాది" అంది. నేను చెప్పాల్సింది చెప్పాను. అడిగారని, అబద్ధం చెప్పానని.

"ఆరోజే తెలుసులే నాకు. వరండాలోనే నిలబడ్డాను, కిటికీ తీసే ఉంది" అంది.

ఎవరో పిల్లాడు ఏడిస్తే సముదాయించింది. తర్వాత ఆమే అంది, "నువ్వు సెప్పినా ఆళ్ళు ఇనీవోళ్ళు కాదేమో. కానీ నువ్వు సెప్పడం నాను ఇందును గదా."

మేనకోడలి సంగతి చెబితే, "పంపు. మంచి సోటే. లైబ్రరీ మా బాగుంటది. హాజరు మాత్రం సూసుకోమను" అంది. ఇది ఎకసెక్కమేమోనని చెవి గట్టిగా ఆనించి విన్నాను. కాదు. ఆమె నిజంగానే చెబుతోంది. అంత న్యాయంగా మాట్లాడగలదని నేను అనుకోలేదు. మా పిల్ల ఆ మాట విని చేరడానికే ఒప్పుకుంది. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తానని వాళ్ళ నాన్న ముందు, మా ఇంటి పాత గొంతుతో, గట్టిగానే చెప్పి రైలెక్కింది.

నేనిప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆ గదిలో ఆ పెద్దాయనకు నిజం చెప్పడానికి అర నిమిషం పట్టేది. నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది, అదీ వినవలసిన మనిషికి ఎప్పుడో తెలిసిపోయాక.