పెన్ అంటే కదలాల్సిన కాగితం

భూపాలపల్లిలో ఈ అద్దె గదికి వచ్చి మూడేళ్లయింది. పొద్దంతా బడిలో ఇంగ్లీషు చెబుతాను. సాయంత్రం తాళం తీసి లోపలికి వస్తే, మళ్లీ పొద్దున దాకా నాతో మాట్లాడే మనిషి ఉండడు. అందుకే జనగామలో ఒక కాలేజీ వాళ్లు డెమో క్లాసుకు పిలిస్తే ప్రాణం లేచొచ్చింది. మా అక్క ఇల్లు అక్కడే. ఉద్యోగం వస్తే రోజూ ఇద్దరం కలిసి తినొచ్చు. నాకు కావలసింది అంతే.

పాఠం ఉచ్చారణ మీద. ఇంగ్లీషు మాటకు మొదట్లో వచ్చే ప, ట, క గట్టి హల్లులు, ఊపిరి బయటికి తన్నాలి. బ, డ, గ మెత్తనివి, తన్నకూడదు. మానుకోటలో డిగ్రీ చదివేటప్పుడు మా సారు పెదవుల ముందు సన్నటి కాగితం పట్టుకుని చూపించేవారు. 'పెన్' అంటే కాగితం ఎగరాలి, 'బెన్' అంటే కదలకుండా ఉండాలి. మెత్తనివి మన నోటికి సులువే. గట్టివాటి దగ్గరే వస్తుంది తంటా.

నెల రోజులు సాధన చేశాను. ఎండలు మండిపోతున్నాయి, బల్ల మీద ఫ్యాన్ అటూ ఇటూ తల తిప్పుతూనే ఉండేది. మొదట్లో 'పెన్' అంటే కాగితం ఒకసారి ఎగిరితే రెండుసార్లు ఎగరలేదు. పోనుపోను ప్రతిసారీ ఎగిరింది. అబ్బో, నా అంత దొరసాని లేదనుకున్నాను! 'బెన్' జోలికే పోలేదు, అది వచ్చు కదా అని.

డెమో రోజు కరెంటు పోయింది. తరగతి నిండా పిల్లలు, వెనక పెద్దసార్లు. కాగితం పట్టుకుని 'పెన్' అన్నాను. కదల్లేదు. మళ్లీ అన్నాను. ముందు బెంచీ అమ్మాయి జాలిగా, "కదుల్తలేదు మేడం" అంది. గొంతు చించుకున్నాను. తుంపర్లు పడ్డాయి గానీ దిక్కుమాలిన కాగితం ఎగరలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క ఇంట్లో ఏడుస్తూ అంతా చెప్పాను.

"ఫ్యాన్ పెట్టుకోని చేసినవా?" అంది అక్క.

"ఆఁ."

"ఓసి పిచ్చిదానా! ఫ్యాన్ నీ దిక్కు తిరిగినప్పుడల్ల అన్నట్టున్నవ్. గా కాగితం ఎగిరింది ఫ్యాన్ గాలికే!" పడీపడీ నవ్వింది. "పక్కనున్నోళ్లన్న జర చెప్పకపోయిరా?"

"పక్కన ఎవలున్నరక్కా?"

అక్క నవ్వు ఆగిపోయింది.

ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చారు. భూపాలపల్లి బస్సెక్కి వచ్చి, తాళం తీసి, ఉక్కపోస్తున్నా ఫ్యాన్ వేయకుండా కాగితం పట్టుకున్నాను. 'పెన్' అన్నాను. కదల్లేదు. కదుల్తలేదు మేడం అనడానికైనా ఒక మనిషి లేడు.