మూడో నంబరు చలిగదిలో కంప్యూటరు

ఆ రోజుల్లో మా గుంటూరు వైపు ఏ యంత్రాన్నయినా కంపెనీవాడు చెప్పిన వేగంతోనే నడపడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ట్రాక్టరు కొన్న నాలుగో రోజునే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, వేగాన్ని అదుపులో పెట్టే స్క్రూ సీలు తెంపించి, దాన్ని రెండు చుట్లు తిప్పిస్తేగానీ ఆ బండి మనదైనట్టు అనిపించేది కాదు. అలాంటి నేల మీద పెరిగినవాణ్ణి కాబట్టి, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే కంప్యూటరును కూడా అదే కన్నుతో చూశానంటే తప్పు నా ఒక్కడిదే కాదని మనవి. ఇప్పటి పిల్లలు దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. నేను చేసినప్పుడు ఆ పనికి ఒక పేరుందని కూడా నాకు తెలియదు. డైరీలో మాత్రం "వేగం పెంపు" అని రాసుకుని కింద గీత గీసుకున్నాను.

డైరీ సంగతి ముందే చెప్పాలి. పదో తరగతి నుంచి ఇవాళ్టిదాకా రోజూ రాస్తున్నాను. చూసింది చూసినట్టు, జరిగింది జరిగినట్టు రాయడం నా నియమం. (ఒక్కసారి తప్పాను. ఈ కథంతా ఆ ఒక్కసారి గురించే.) నేను పనిచేసిన కోల్డ్ స్టోరేజీ సత్తెనపల్లి రోడ్డు మీద ఉండేది. రైతులు తెచ్చిన మిరప టిక్కీలను (మా దగ్గర మిరప బస్తాలను అలాగే అంటారు) చలిగదుల్లో అంతస్తులు అంతస్తులుగా పేర్చి, ధర వచ్చేదాకా దాచిపెట్టేవాళ్ళం. అక్కడ నా అసలు పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ నేను "డైరీ"నే.

పక్క కోల్డ్ స్టోరేజీవాళ్ళు కంప్యూటరు కొన్నారని తెలిసి మా యజమాని గారు కూడా ఒకటి కొన్నారు. దాన్ని నడపడానికి నన్ను పెట్టుకున్నారు. అది ఫోర్ ఎయిటీ సిక్స్, ముప్ఫై మూడు మెగాహెర్ట్జ్. అప్పట్లో అది గొప్పే. కానీ మా పెద్ద గుమాస్తా గారి ముందు దాని గొప్ప నిలవలేదు. ఏ రైతు టిక్కీలు ఏ గదిలో, ఎన్నో అంతస్తులో, ఎవరి టిక్కీల వెనక ఉన్నాయో ఆయన వక్కపొడి నములుతూ చెప్పేవారు. నా యంత్రం ఆలోచించి జవాబిచ్చేలోపు రైతు టిక్కీ దింపించుకుని, నమూనా కాయలు తుంచి చూసుకుంటూ ఉండేవాడు.

"ఏమయ్యా డైరీ, నీ పెట్టె నిద్ర లేచిందా?" అనేవారు ఆయన, ఎంతో మర్యాదగా.

మే నెలలో ఒక గురువారం యజమాని గారు తేల్చేశారు. "సోమవారం పొద్దున అందరి ముందూ పందెం. ఉన్న సరుకంతా ఊరివారీగా జాబితా తియ్యాలి. గుమాస్తా గారు ముందు తీస్తే ఆ పెట్టె అమ్మేస్తాను. నువ్వు కూడా మీ ఊరు వెళ్ళిపోవచ్చు."

మా ఊరు వేటపాలెం. అక్కడ మా మేనమామ జీడిపప్పు కార్ఖానాలో నా కోసం ఒక పీట ఖాళీగా ఉంది. జీడిగింజ కొడితే కారే నూనె చేతికి అంటుకుంటే తోలు ఊడేదాకా ఆ నలుపు పోదు. "చదివింది చాల్లేరా, వచ్చి కూచో" అని మామయ్య ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు. అది తలచుకుంటేనే నా అరచేతులు దురద పెట్టేవి.

అదే రోజు గడియారం పెట్టి చూశాను. మా కంప్యూటరు ఆ జాబితాకు ముప్ఫై ఒక్క నిమిషాలు తీసుకుంది. గుమాస్తా గారు ఒకరోజు అలాంటి జాబితానే రాస్తుంటే దొంగచాటుగా చూసి రాసుకున్న లెక్క ఇరవై మూడు నిమిషాలు. ఇక కంప్యూటరుతో వచ్చిన చిన్న పుస్తకం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. (అలాంటి పుస్తకం మొత్తం చదివినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.) పదిహేడో పేజీలో ఒక పట్టిక ఉంది. లోపలి బోర్డు మీద సన్నటి సూదుల్లాంటి పిన్నులుంటాయి. వాటికి తొడిగిన నల్లటి బుల్లి టోపీలను ఒక జత నుంచి తీసి మరో జతకు తొడిగితే వేగం మారుతుందట.

నేను తొందరపడలేదు. ఆ మాట మాత్రం నా పక్షాన చెప్పుకోవాలి. మొదట టోపీలు ఎక్కడెక్కడున్నాయో బొమ్మ గీసుకున్నాను. ఒకసారి ఒక్క మెట్టే పెంచాలి, ప్రతి మెట్టులోనూ అదే జాబితాను మూడుసార్లు తీసి తప్పులొస్తున్నాయేమో చూడాలి, అనుమానం వస్తే వెనక్కి రావాలి అని నియమాలు రాసుకున్నాను. వేడి కొలిచే సాధనం లేదు కనుక ప్రాసెసర్ మీద వేలు ఆనించి అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. డైరీలో ఇప్పటికీ ఉంది: "ముప్ఫై మూడు దగ్గర వేలు ముప్ఫైదాకా ఆగింది. నలభై దగ్గర పన్నెండు. జాబితా ఇరవై ఆరు నిమిషాలు. యాభై దగ్గర రెండు. మూడో అంకె నోట్లోనే ఉండిపోయింది." యాభై దగ్గర జాబితా సగంలో ఉండగానే తెర బిగుసుకుపోయేది. నా నియమం ప్రకారం వెనక్కి రావాలి. వెనక్కి వస్తే వేటపాలెం.

బొబ్బెక్కిన వేలు ఊదుకుంటుంటే అమ్మోనియా బాబాయి వచ్చాడు. చలిగదులను చల్లబరిచే అమ్మోనియా యంత్రాలు నడిపేది ఆయనే. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆయన గొంతు కంప్రెసర్ల మోతను దాటి వినిపించేది.

"ఏరా డైరీ, పెట్టెకు జొరమొచ్చిందా?"

"వేడెక్కి ఆగిపోతోంది బాబాయ్. కాస్త చల్లబడితే గెలుస్తాను."

"ఓరి పిచ్చి సన్నాసీ! వేల టిక్కీలకు చలి పుట్టించే చోట కూచుని, ఒక్క పెట్టెకు చలువ కావాలని ఏడుస్తావేంట్రా? పట్టు ఆ కొస!"

ఇద్దరం బల్లతో సహా కంప్యూటరును మోసుకెళ్ళి మూడో నంబరు చలిగదిలో, రెండు తలుపుల మధ్య ఉండే చోట పెట్టాం. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే నేను కోతి టోపీ పెట్టుకుని, బాబాయి ఇచ్చిన దుప్పటి కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ మీటలు నొక్కాను. యాభై దగ్గర మూడుసార్లు జాబితా తీశాను. ఒక్క తప్పు లేదు. ఇరవై ఒక్క నిమిషాలు! వేలు నలభైదాకా ఆగింది. (అది ప్రాసెసర్ గొప్పో, వేలు మొద్దుబారడమో ఇప్పుడు చెప్పలేను.) ఆదివారం డైరీలో చివరి వాక్యం: "గుమాస్తా గారి మీద జాలి వేస్తోంది."

సోమవారం పొద్దున్నే వరండాలో యజమాని గారు పడక కుర్చీలో కూర్చున్నారు. గుమాస్తా గారు కళ్ళజోడు తుడుచుకుని రిజిస్టర్లు తెరిచారు. వేడుక చూడ్డానికి పాతికమంది రైతులు చేరారు.

"పెట్టె ఏదిరా?" అన్నారు యజమాని గారు.

"చలిగదిలో ఉందండీ. అందరూ లోపలికి దయచేస్తే..."

"నా మోకాళ్ళు పెట్టుకుని ఆ చలిలోకా? నీకేమన్నా మతి పోయిందా? ఇక్కడికి పట్రా."

చల్లదనం పోకుండా పెట్టె చుట్టూ ఎనిమిది ఖాళీ గోతాలు చుట్టి తెచ్చాం. చలిగది నుంచి మే నెల ఎండలోకి వచ్చేసరికి దానికి చెమట పట్టింది. నేను గోతాల సందులోంచి చెయ్యి పెట్టి చూస్తే, కొత్త కుండ పైన పట్టినట్టు రేకు నిండా నీటి బొట్లు. ఆ తడితో కరెంటు ఇస్తే బోర్డు మాడి మసైపోతుందని నాకు తెలుసు. ఏ మెట్టుకు ఆ మెట్టు రాసుకున్నవాణ్ణి, చలిలోంచి వేడిలోకి వచ్చే మెట్టు ఒక్కటి మాత్రం రాసుకోలేదు.

"మొదలెట్టవయ్యా, నేను సిద్ధం" అన్నారు గుమాస్తా గారు.

"ఒక్క రెండు నిమిషాలు ఆరబెడతానండీ" అని, ఆఫీసులో ఉన్న పెద్ద టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టె వెనక పెట్టి, పూర్తి వేగంతో వేశాను. నేను ఫ్యాను వెనక నిలబడ్డాను. పెట్టెకు అటువైపు జనం. అప్పుడు గోతాలు ఒక్కొక్కటే విప్పాను.

అవి మిరపకాయల గోతాలు.

అడుగున మిగిలిన పొట్టు, గింజ, పొడి ఎర్రగా లేచి వరండా అంతా కమ్ముకున్నాయి. మొదటి తుమ్ము గుమాస్తా గారిది. తర్వాత ఎవరిదని చెప్పడం ఎవరి తరమూ కాలేదు. పుట్టినప్పటి నుంచీ కల్లాల్లో మిరపకాయల మధ్య తిరిగిన రైతులు కూడా కండువాలు మొహాన కప్పుకుని మెట్లు దిగి పరుగెత్తారు. యజమాని గారికి పడక కుర్చీలోంచి వెంటనే లేవడం రాదు. కళ్ళు మూసుకుని, చేతులు గాలిలో ఆడిస్తూ, "కట్టెయ్! ఫ్యాను కట్టెయ్‌రా!" అని కేకలు.

నా చెయ్యి స్విచ్చి మీదే ఉంది. కోతి టోపీ ముక్కు మీదికి లాక్కుని ఉన్నాను. ఆ క్షణంలో నాకెందుకో వేటపాలెంలోని ఆ ఖాళీ పీట కనిపించింది.

"స్విచ్చి పట్టేసిందండీ!" అన్నాను.

"పీకెయ్‌రా దాన్ని!"

"చూస్తున్నానండీ... ఈ కంప్యూటరు ఉంచుతారాండీ?"

"ఉంచుతాన్రా! హాఛ్! ముందు కట్టు!"

"నన్నండీ?"

"నువ్వూ ఉండు! మీ నాన్ననీ తెచ్చి పెట్టుకో! కట్రా బాబూ!"

స్విచ్చి వెంటనే బాగైపోయింది.

పందెం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రెండు రోజులు పెట్టెను ఎండలో ఆరబెట్టి, నేను గీసుకున్న బొమ్మ ప్రకారం టోపీలను పాత చోట్లలోనే తొడిగి, ముప్ఫై మూడు దగ్గరే నడిపాను. ముప్ఫై ఒక్క నిమిషాలూ తీసుకునేది. ఎవరూ గడియారం చూడలేదు. ఆ వారమే గుమాస్తా గారు ఎర్రబడ్డ కళ్ళతో కుర్చీ నా పక్కకు జరుపుకుని కూర్చున్నారు.

"ఏమయ్యా, ఆ స్విచ్చి నిజంగానే పట్టేసిందా?"

"అవునండీ."

"కిందటి వారమే నేను దగ్గరుండి కొత్తది వేయించానే" అని, వక్కపొడి నోట్లో వేసుకుని, "సర్లే, రాసుకో. మూడో గది, రెండో అంతస్తు..." అని తన తలలో ఉన్నదంతా నాకు చెప్పడం మొదలుపెట్టారు. అలా నాలుగేళ్ళు చెప్పారు. యజమాని గారికి మాత్రం ఆ స్విచ్చి మాట ఒక్కటీ చెప్పలేదు.

రిటైరయ్యాక నేనే ఒక కంప్యూటరు కూర్చుకున్నాను. ఇప్పుడు టోపీలు లేవు. తెర మీదే అంకె మారిస్తే వేగం పెరుగుతుంది, వేడి ఎంతో ఆ పక్కనే కనిపిస్తుంది. అయినా ఒక్కో మెట్టే పెంచుతాను, ప్రతి మెట్టూ డైరీలో రాస్తాను. మొన్న ఒక మెట్టు పెంచి, రెండు రోజులు చూసి, ఎందుకొచ్చిందిలే అని తగ్గించాను. అప్పటి పట్టుదల ఏదో ఇప్పుడు నాలోనే సడలినట్టుంది. ఆ సాయంత్రం పాత డైరీ తీసి చూస్తే ఆ సోమవారం పేజీలో నా గుండ్రటి చేతిరాత: "ఫ్యాను స్విచ్చి పట్టేయడం వల్ల కొంత అసౌకర్యం కలిగింది." పేజీ మడతలో ఇంకా ఒక మిరప గింజ అంటుకుని ఉంది.

పెన్సిల్ తీసుకుని అంచున రాశాను: "స్విచ్చి పట్టేయలేదు. గుమాస్తా గారికి తెలుసు." కింద కొత్త తేదీ వేసి, సంతకం పెట్టి, పుస్తకం మూసేసరికి గట్టిగా తుమ్ము వచ్చింది.