వాట్‌గంజ్‌లో కుంగిన వెనక గోడ

కలకత్తాలో మెట్రో సొరంగం తవ్వుతున్న రోజుల్లో నా పని భూమి కింద కాదు, పైన. సొరంగం వెళ్లే దారిలో ఉన్న ఇళ్ల గోడలకు కొలత గుర్తులు అంటించి, అవి ఎంత కిందికి దిగాయో రోజూ పొద్దున్నే చూసి రాసేవాణ్ణి.

వాట్‌గంజ్‌లో ఒక సందులో పాత రెండంతస్తుల ఇల్లు ఉండేది. కింది వాటాలో భార్యాభర్తలు ఇద్దరే. ఆవిడ కార్పొరేషన్ తరఫున వీధులు ఊడ్చేది, ఆయన షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసేవాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చారట. నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే ఆవిడ విని, "తెలుగోడివేటి బాబూ?" అని అడిగింది. ఆ రోజు నుంచి టీ ఇవ్వకుండా పంపేది కాదు. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

నేలను తొలిస్తే చుట్టూ ఉన్న మట్టి ఆ ఖాళీలోకి ఒరగాలని చూస్తుంది. అందుకే తవ్వే యంత్రం వెనకే కాంక్రీటు వలయాలు బిగించి, సందుల్లో సిమెంటు పాలు ఎక్కిస్తారు. అయినా పైన నేల కాస్త దిగుతుంది. కలకత్తా కింద ఉన్నది నీళ్లు తాగిన మెత్తటి బంకమట్టి. ఒత్తిడి మారితే అందులోని నీరు మెల్లగా జారిపోతూ, యంత్రం దాటిపోయిన వారాల తర్వాత కూడా మట్టి కుంగుతూనే ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. వరంగల్‌లో చదువుకున్న పాఠమే.

యంత్రం ఆ ఇల్లు దాటిన పది రోజులకు అక్క నన్ను లోపలికి పిలిచింది.

"వంటగది తలుపు పడట్నేదు, సూడు. ఆ ఎనకాల పూర్వం పుకూర్ ఉండీదట. మా అత్త సెప్పీది. చెరువు పూడ్సీసి గోడ లేపినారు."

నా గుర్తులన్నీ ముందు గోడకే ఉన్నాయి. వెనక గోడకు అంటించాలంటే వంటగది సామానంతా జరపాలి. బద్ధకించి వదిలేశాను. ముందు గోడ కొలతలు హద్దు లోపలే ఉన్నాయి. వానకు చెక్క ఉబ్బి ఉంటుందిలే అక్కా అన్నాను. ఆవిడ నమ్మింది. తలుపు గురించి ఆవిడ చెప్పింది నా పుస్తకంలో రాసుకోలేదు.

నాలుగో రోజున పూడ్చిన చెరువు మీది వెనక గోడ నిలువునా చీలింది. మేడమెట్లు గోడను వదిలేశాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మధ్యాహ్నానికి అందరినీ ఖాళీ చేయించి సందుకు అడ్డంగా తాడు కట్టారు. అక్క డ్యూటీ చీరలోనే వచ్చి, దుప్పటిలో గిన్నెలు మూటకట్టుకుంది. విచారణకు వచ్చిన అధికారులు నన్ను నిలదీస్తుంటే ఆవిడ మధ్యలోకి వచ్చి, ఈ అబ్బాయి రోజూ వచ్చి చూసేవాడు, ఇతని తప్పేమీ లేదు దాదా అని బెంగాలీలో చెప్పింది. ఇంట్లో వాళ్లెవరైనా ముందుగా ఏమైనా చెప్పారా అని వాళ్లు నన్ను అడిగారు. రాతపూర్వకంగా ఏదీ రాలేదన్నాను. అక్క పక్కనే ఉంది. ఇంగ్లీషులో అన్నాను కాబట్టి ఆవిడకు అర్థం కాలేదు.

ఆ ఇల్లు కూల్చేశారు. వాళ్లు నది అవతల షాలిమార్ వైపు అద్దెగదికి మారారు. అక్క రోజూ బస్సులో వంతెన దాటి పనికి వచ్చేది. కొన్ని నెలల తర్వాత ఖిదిర్‌పూర్ బజారు దగ్గర రోడ్డు ఊడుస్తూ కనిపించింది. పలకరించి, ఆ రోజు అధికారులతో నేను ఏమన్నానో తెలుగులో చెప్పేశాను. వెనక గోడను కొలవనే లేదని కూడా చెప్పాను.

ఆవిడ ఊడ్చడం ఆపింది.

"ఇప్పుడు నాకు సెప్తే ఏటౌతాది బాబూ? ఆ రోజు ఆలకి సెప్పాల్సింది."

కోపంగా అనలేదు. తర్వాత ఎండ ఎక్కుతోందని చెప్పి పనిలో పడింది. టీ తాగి వెళ్లమని అనలేదు.

మరుసటి వారం జరిగిందంతా కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నారు. ఆ ఇంటి ఫైలు అప్పటికే మూసేశారు.