ట్యాంకు మీద నా చేతిరాత

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా వేళ్లలో బలం పోతోందని డాక్టర్లకంటే ముందే నాకు తెలుసు. పదేళ్లుగా రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆ సోమవారం అక్షరాలు గీత కిందికి జారిపోయాయి. మంగళవారం పెన్ను మార్చాను. బుధవారం వేళ్లలో, పాదాల్లో తిమ్మిర్లు. అయినా నోరు విప్పలేదు. నలుగురి ముందు నా గురించి మాట్లాడాలంటే నాకు భయం. గురువారం మంచం దిగబోతే కాళ్లు నిలవలేదు.

మాది కాట్రేనికోన దగ్గర పల్లె. నాన్నకు రొయ్యల చెరువులున్నాయి. నేను ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతాను. అమలాపురం డాక్టరుగారు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసి, "రిఫ్లెక్స్ రావట్లేదండీ. వెంటనే కాకినాడ తీసుకెళ్లిపోండి" అన్నారు. అక్కడ నెర్వ్ కండక్షన్ టెస్టు, వెన్నులోంచి నీరు తీసి సీఎస్ఎఫ్ టెస్టు చేశారు. జీబీఎస్, అంటే గిలాన్ బారే సిండ్రోమ్ అని తేలింది.

"మన ఇమ్యూనిటీయే మన నరాల మీద పడుతుందమ్మా. చాలామందికి తగ్గుతుంది, టైము పడుతుంది" అన్నారు న్యూరాలజిస్టు. ఐదు రోజులు ఐవీఐజీ అనే మందు సెలైన్‌లా ఎక్కించారు. మళ్లీ రాయగలనా అని అడగడానికి నాకు ఆ ఐదు రోజులూ పట్టింది. "ముందు కాళ్లు, చివర వేళ్లు. ఎంతవరకో ఇప్పుడే చెప్పలేను" అన్నారు.

రెండు నెలలకు వాకర్ పట్టుకుని నడిచాను. వేళ్లు మాత్రం చెంచా కూడా పట్టలేదు. నేను డైరీ వైపు చూడటం గమనించి అమ్మ, "నువ్వు చెప్పు, నే రాస్తాను" అంది. కాదనలేకపోయాను. "ఈరోజు హుషారుగా ఉన్నాను. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. దిగులేమీ లేదు." రోజూ ఇలాంటివే చెప్పేదాన్ని. అందులో అన్నం ఒక్కటే నిజం. ఇక నా మాట నా చేత్తో రాసుకోలేనేమో అన్న భయాన్ని అమ్మ చేతే ఎలా రాయించను?

ఫిజియోథెరపిస్టుగారు బియ్యంలో శనగలు కలిపి ఏరమన్నారు. నెల తిరక్కుండానే విసుగొచ్చి మానేశాను. అప్పుడే కువైట్‌లో డ్రైవరుగా చేసే మావయ్య సెలవుకొచ్చి నా ముందు ఒక పెట్టె పెట్టారు. లోపల ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కున్న వందల ముక్కలు. అన్నీ అతికిస్తే జానెడు యుద్ధ ట్యాంకు అవుతుంది. శుక్రవారాలు రూములో ఇవి కట్టడం ఆయనకు సరదా.

"పిల్లకి ట్యాంకేంటి బావా? ఏ చీరో తేవచ్చుగా" అన్నారు నాన్న.

"కుచ్చిళ్లు పెట్టుకోడానికి వేళ్లు రావొద్దా బావగారూ? శనగలేరితే శనగలే మిగుల్తాయి. ఇదైతే బండి మిగుల్తాది."

ఫిజియోగారు కూడా, "ఆయ్, మంచి ఎక్సర్‌సైజేనండీ. అరగంట దాటొద్దు" అన్నారు.

చక్రాల చుట్టూ తిరిగే గొలుసు లింకులు గోరంత ఉంటాయి. మొదటి రోజు ట్వీజర్స్‌తో ఒక్కటే అతికించాను. పదిహేను రోజులకు, రోజుకు ఆరు. ఆ ఉత్సాహంలో ఒకసారి మూడు గంటలు కూర్చున్నాను. తర్వాత రెండు రోజులు గ్లాసు కూడా పట్టుకోలేక ఫిజియోగారి చేత చీవాట్లు తిన్నాను.

రంగులు వేసేటప్పుడు చెయ్యి వణికి ఒక చక్రం మీద పచ్చరంగు ఒలికింది. తుడుద్దామని గోళ్ల రంగు తీసే ద్రావకం పూశాను. రంగుతోపాటు చక్రమూ కరిగింది. నేను ఏడుస్తుంటే, అప్పటికే కువైట్ తిరిగెళ్లిన మావయ్య ఫోన్లో పగలబడి నవ్వారు. "బురద కొట్టెయ్యవే! బురదలో తిరగని ట్యాంకు ఎక్కడుంది?"

చెరువు గట్టు మన్ను ఎండబెట్టి, జల్లించి, జిగురులో కలిపాను.

"నా టీ జల్లెడతోనా! అయినా కొత్త బండికి బురదేంటే?" అంటూనే అమ్మ దాని గొట్టం మీద ఇంత కుంకుమబొట్టు పెట్టింది.

ఇక నంబరు మిగిలింది. దాని స్టిక్కర్ నా వేళ్ల మధ్య చిరిగిపోయింది. సన్న కుంచెతో నేనే వేశాను: 214. అమ్మ వంగి చూసింది. "ఈ రెండంకె నీదేనే. తోక ఇలాగే పైకి తిప్పుతావు" అంది. ఐదు నెలల్లో నా చేత్తో నేను రాసింది అదే మొదలు.

ఏడాదైంది. మళ్లీ ట్యూషన్ చెబుతున్నాను. సాయంత్రానికి పాదాలు కాస్త తిమ్మిరెక్కుతాయి, అంతే. ట్యాంకు బొట్టుతో సహా నా పుస్తకాల అరలో ఉంది. ఇది చదివేవారికి ఒక్కటే చెబుతాను. చెయ్యి మాట విననప్పుడు పెన్ను మార్చకండి, ఆ రోజే ఇంట్లో ఎవరికైనా చెప్పండి. దాచడం నాకు బాగా వచ్చనుకునేదాన్ని. నంబరు వేసిన రోజు అమ్మ డైరీ, పెన్ను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బయటికెళ్లి తలుపు దగ్గరగా వేస్తూ అంది:

"ఇంక నీ పుస్తకం నువ్వే రాసుకో తల్లీ. ఇన్నాళ్లూ నాచేత అన్నీ అబద్ధాలే రాయించేవు."