మెయిల్ పక్కన పెళ్లి ప్రకటనలు

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు నేను బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాను. తెర మీద మనిషి ఏం చదువుతున్నాడో చూసి, దానికి తగిన ప్రకటనను పక్కన చేర్చే ప్రోగ్రాములు రాయడం మా పని. ముందు ముందు ఎవరికి కావలసింది వాళ్లకే కనబడుతుందని మా మేనేజరు మహా ఉత్సాహంగా చెప్పేవాడు. నాకూ అది గొప్పగానే అనిపించేది.

బళేపేటలో మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ దగ్గర ఉండేవాణ్ణి. కింద గాజుల అంగడి, పైన ఇల్లు. పెళ్లి మాటెత్తనివ్వకుండా నలభై దాటించి, అంగడిని ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఆమెకు మెయిల్ నేర్పింది నేనే. సరుకుకు ఆర్డర్లు పంపుకుంటోందిలే అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది.

"ఏమప్పా, నా మెయిల్ పక్కన ఈ కల్యాణ మంటపాలు, హనీమూన్ హోటళ్లు ఎందుకు కనిపిస్తా ఉండాయి?"

"లోపలి మాటల్ని బట్టి వస్తాయి చిన్నమ్మా," అన్నాను అలవాటుగా. అనేశాక గబుక్కున ఆమె వైపు తిరిగాను. ముఖం ఎర్రబడిపోయింది.

"అంటే నా మెయిల్ ఎవరో చదువుతా ఉండారా?"

"మనుషులు చదవరు. మిషనే మాటలు ఏరుకుంటుంది."

"ఆపేదానికి అయితాదా?"

ఇద్దరం కూర్చుని సెట్టింగులన్నీ వెతికాం. ఫొటో దాచుకోవచ్చు, పేరు దాచుకోవచ్చు. ఆ ప్రకటనల్ని ఆపే దారి మాత్రం దొరకలేదు. నా ఉద్యోగం మీద నాకే కాస్త చిరాకేసింది. చిన్నమ్మ మాత్రం నవ్వేసింది.

"పోనీలే అప్పా. మిషన్‌కు తెలిసినాక నీ దగ్గర దాచేదేముండాది?"

దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఒకాయన, తను నేయించే పట్టుచీరల రంగులకు గాజులు జత చూసుకోవడానికి అంగడికి వచ్చేవాడట. భార్య పోయి చాలా ఏళ్లయింది. రంగుల గురించి మొదలైన మెయిళ్లు మెల్లగా ఆయన చిన్నతనానికి, ఈమె ఒంటరి సాయంత్రాలకు, చివరికి పెళ్లికి చేరాయి.

"మీ అమ్మకు ఎట్ల చెప్పేది? ఈ వయసులో ఇదేం బుద్ధి అంటాదేమో."

"నేను చెప్పనా?" అంటే తల ఊపింది. ఫోనులో మా అమ్మకు విషయమంతా చెప్పాను. విని, "దానికియ్యి ఫోను," అంది. చిన్నమ్మ భయంభయంగా అందుకుంది. అమ్మ అరుపు నాదాకా వినిపించింది.

"ఏమే, పెళ్లిలో నాకు పెట్టే చీర ఆయన మగ్గం మీద నేసిందే కావాల!"

చిన్నమ్మ ఏడుస్తూ నవ్వింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాక మేడ మీద భోజనాలు పెట్టాం. వీధిలోని గాజుల వాళ్లందరూ అంగళ్లు మూసి వచ్చారు. కొత్త పెళ్లికొడుకు సిగ్గుపడుతూనే అందరికీ ఒబ్బట్లు వడ్డించాడు. అంగడి వదలనని ఆమె, మగ్గాలు వదలనని ఆయన. అందుకని వారంలో సగం ఆయన ఇక్కడ, సగం ఈమె అక్కడ. ఇద్దరూ బస్సు కండక్టర్లందరికీ చుట్టాలైపోయారు.